అపూ పేరు మీద హోమర్ కథ: ఒక సింప్సన్స్ ఎపిసోడ్‌ని ఎలా విమర్శించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కోర్సులో ఒక యానిమేషన్ ఫ్యామిలీ సిట్‌కామ్ (ఒక కుటుంబం చుట్టూ తిరిగే టీవీ కామెడీ సీరియల్) ఎపిసోడ్ మీద విమర్శ రాయమన్నారు. మీరు అమెరికన్ కార్టూన్ సీరియల్ 'ది సింప్సన్స్' ఏడో సీజన్‌లోని 'మచ్ అపూ అబౌట్ నథింగ్' తీసుకున్నారు. ఆ సీరియల్లో హోమర్ సింప్సన్ ఇంటి తండ్రి, అపూ అదే ఊళ్ళో కొట్టు నడిపే భారతీయుడు. రాసింది చూసి మేడమ్ "ఇది కథ చెప్పడమే, విమర్శ కాదు" అని తిప్పి పంపారు. అమెరికాలో పెరిగిన మీ పెద్దమ్మగారి అమ్మాయేమో "అపూ అంటేనే మనల్ని వెక్కిరించే పాత్ర, దాన్ని మెచ్చుకోవడం ఏంటి" అని కోప్పడింది. మీకు మాత్రం ఎపిసోడ్ బాగా నచ్చింది. ఇప్పుడేం రాయాలి అని అడుగుతున్నారు.

నేను హైదరాబాదులో ఇరవై ఏళ్ళకు పైగా యానిమేషన్ స్టోరీబోర్డులు (తీయబోయే షాట్లని ముందే వరసగా గీసి పెట్టే బొమ్మలు) వేస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలకి స్క్రిప్ట్ ఎలా చదవాలో నేర్పేటప్పుడు ఈ ఎపిసోడే చూపిస్తాను. కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు నా అభిప్రాయం. ఇది స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరి గురించి తీసిన గొప్ప ఎపిసోడ్. అపూ గురించి తీసిన గొప్ప ఎపిసోడ్ కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం. మీకు నచ్చింది మొదటిది, మీ అక్కయ్యకి గుచ్చుకుంటున్నది రెండోది. ఆ రెండూ ఎక్కడ విడిపోతున్నాయో సీన్లు పట్టుకుని చూపించగలిగితే అదే మీ విమర్శ.

మీ కాగితంలో కథకి ఈ మాత్రం చోటిస్తే చాలు: ఊళ్ళోకి ఒక ఎలుగుబంటి వస్తుంది. హోమర్ జనాన్ని వెంటేసుకుని గొడవ చేస్తే మేయర్ ఎలుగుబంట్ల గస్తీ పెడతాడు. దాని ఖర్చుకి పన్ను వేస్తే మళ్ళీ గొడవ. అప్పుడు మేయర్ తప్పంతా అక్రమ వలసదారుల మీదకి తోసి, వాళ్ళని దేశం నుంచి పంపేసే 24వ ప్రతిపాదనని ఓటింగ్‌కి పెడతాడు. క్విక్-ఈ-మార్ట్ అనే కొట్టు నడిపే అపూ వీసా ఎప్పుడో అయిపోయిందని అప్పుడు బయటపడుతుంది. అతను దొంగ కాగితాలు కొంటాడు, మనసొప్పక వాటిని వదిలేస్తాడు, పరీక్ష రాసి పౌరసత్వం తెచ్చుకుంటాడు. ప్రతిపాదన మాత్రం 95 శాతం ఓట్లతో నెగ్గుతుంది.

ఇది 1996 మే 5న ఫాక్స్ చానెల్‌లో వచ్చింది. రాసింది డేవిడ్ ఎస్. కోహెన్, దర్శకురాలు సూసీ డీటర్. దీనికి రెండేళ్ళ ముందు, 1994లో, కాలిఫోర్నియాలో 187వ ప్రతిపాదన అని ఒకటి వచ్చింది. కాగితాలు లేని వలసదారులకి ప్రభుత్వ బడులు, అత్యవసరం కాని వైద్యం అందకుండా చేసే చట్టం అది. జనం ఓటేసి గెలిపించారు, తర్వాత కోర్టులు ఆపేశాయి. 24 అనే అంకె వెనకాల ఉన్నది ఈ 187. అప్పటి ప్రేక్షకులకి ఇది వేరే చెప్పనక్కరలేని సంగతి, మన పాఠకులకి మాత్రం మీరు ఒక వాక్యంలో చెప్పాలి.

ఇక ఈ స్క్రిప్ట్‌లో నేను ఎప్పటికీ మెచ్చుకునే చోటు మొదటి అంకం. అక్కడ కాస్త ఆగుదాం.

గస్తీ మొదలయ్యాక హోమర్ వీధిలో నిలబడి తృప్తిగా చూస్తాడు. ఎలుగుబంటి ఒక్కటీ కనపడదు. గస్తీ ఎంత బాగా పనిచేస్తోందో అంటాడు. ఇది మన ముసలమ్మ కోడీ కుంపటీ కథే. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకుంటుంది ఆవిడ. గస్తీ లేకపోతే వీధి నిండా ఎలుగుబంట్లే అనుకుంటాడు ఇతను. కూతురు లీసా కింద పడున్న రాయి ఒకటి తీసి, నీ లెక్కన ఈ రాయి పులుల్ని రాకుండా ఆపుతోందని నేనూ అనొచ్చు కదా అంటుంది. అదెలా అంటాడు. ఏమీ ఆపదు, ఇది ఉత్త రాయి, కానీ చుట్టుపక్కల పులి కనపడుతోందా మరి అంటుంది. హోమర్ అటూ ఇటూ చూసి, ఆ రాయి నాకమ్ము అంటాడు.

అందరూ ఈ సీన్ జోక్ కోసం గుర్తుపెట్టుకుంటారు. రచయిత దీన్ని కథలో ఎక్కడ పెట్టాడో మీరు చూడండి. కారణం కానిదాన్ని కారణం అనుకోవడం ఎలా ఉంటుందో రచయిత మనకి ముందు ఎవరికీ నష్టం లేని విషయంలో నేర్పాడు. మనం నవ్వాం, అంటే పాఠం అర్థమైంది. కాసేపటికే మేయర్ అదే తప్పు లెక్కని మనుషుల మీదకి తిప్పుతాడు: పన్ను పెరిగింది, ఊళ్ళో వలసదారులున్నారు, కాబట్టి వాళ్ళ వల్లే పెరిగింది. నిజానికి పన్ను ఎందుకు పెరిగిందో మనం కళ్ళారా చూశాం. గస్తీ అడిగింది ఊరివాళ్ళే, డబ్బు కట్టనంటున్నదీ ఊరివాళ్ళే. పెరిగింది ఎంతనుకున్నారు? 5 డాలర్లు. ఈసారి రాయి పట్టుకుని ఎదురు నిలబడేవాళ్ళు ఎవరూ లేరు. ఊరంతా ఒక్కసారి ఊగిపోతుంది. ఎలుగుబంటి, పన్ను, వలసదారు ఈ వరసలో ఒక్క మెట్టు తీసినా కథ కూలిపోతుంది. ఇంత తక్కువ నిమిషాల్లో ఒక ఊరికి ద్వేషం ఎలా పుడుతుందో ఇంత సాఫీగా చూపించిన రచన నా ఎరికలో చాలా తక్కువ. దీన్ని "హాస్యంగా చూపించారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ పనితనానికి అన్యాయం చేసినట్టే.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం.

నేను పిల్లల చేత ఒక పని చేయిస్తాను. కాగితం మధ్యలో గీత గీసి, ఎడమ వైపు కథని మలుపు తిప్పిన ప్రతి నిర్ణయం, కుడి వైపు అది ఎవరు తీసుకున్నారో రాయమంటాను. ఈ ఎపిసోడ్‌కి అలా రాసి చూడండి. గస్తీ అడిగింది హోమర్. పన్ను మీద గొడవ హోమర్‌ది. నింద వలసదారుల మీదకి మళ్ళించింది మేయర్. పౌరసత్వ పరీక్ష అనే దారి చూపించింది లీసా. చదువు చెప్పేది హోమర్. చివర్లో అందరి ముందూ ప్రసంగం చేసి ప్రతిపాదనకి వ్యతిరేకంగా ఓటేయమనేదీ హోమరే. అపూ సొంతంగా తీసుకున్న నిర్ణయాలు రెండే రెండు: దొంగ కాగితాలు కొనడం, వాటిని వదులుకోవడం. దేశం నుంచి పంపేస్తామన్నది అతన్ని. మారాల్సింది, మారినందుకు మార్కులు కొట్టేసేది హోమర్. టైటిల్‌లో పేరు అపూది, కథ హోమర్‌ది.

అయితే తొందరపడి దీన్ని పూర్తిగా తప్పు కింద రాసేయొద్దు. హోమర్ మారే సీన్ మళ్ళీ చూడండి. అపూ గోడు విని, ఇంకొకళ్ళని తిట్టిపోసే సరదాలో పడిపోయి నాకు కావలసినవాళ్ళకి దెబ్బ తగులుతుందని ఆలోచించలేదు అంటాడు హోమర్. మనం ఊపిరి బిగబట్టి చూస్తాం, ఇప్పుడు ఏదో చేస్తానంటాడని. అతను అనే మాట "నిన్ను చాలా చాలా మిస్సవుతాను" అని. అంతే. ఓటు మారుస్తానని కూడా అనడు. జాలి ఉంది, కళ్ళలో నీళ్ళున్నాయి, చేసేది మాత్రం ఏమీ లేదు. నాకు ఈ ఎపిసోడ్ మొత్తంలో అన్నిటికన్నా పదునైన మాట అదే. కాబట్టి హోమర్‌ని మధ్యలో నిలబెట్టడం ఒట్టి నిర్లక్ష్యం కాదు, చూసేవాళ్ళకి అద్దం పట్టడం కూడా. కానీ ఆ అద్దం ఎవరి కోసం? ఓటున్నవాళ్ళ కోసం. అపూ స్థానంలో ఉన్నవాళ్ళు ఆ అద్దంలో కనపడరు. మీ విమర్శలో ఈ తేడా తప్పకుండా రావాలి.

అపూ చదువు మీద రెండు జోకులున్నాయి. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడడం నాకు ఇష్టమైన వ్యాయామం.

మొదటిది ఫ్లాష్‌బ్యాక్‌లో. తను కాల్‌టెక్‌లో చదివానంటాడు అపూ. మనం కాలిఫోర్నియాలోని పేరున్న సాంకేతిక విద్యాసంస్థ అనుకుంటాం, తీరా చూస్తే అది కలకత్తా టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్. అక్కడ 70 లక్షల మంది ఉన్న తరగతిలో అతను ఫస్ట్. రెండోది హోమర్ చదువు చెప్పేటప్పుడు. జెండా చూపించి, దీని మీద 47 నక్షత్రాలే ఎందుకున్నాయని అడుగుతాడు హోమర్. ఎందుకంటే ఈ జెండా బాగా పాతది, 1912లో న్యూ మెక్సికో రాష్ట్రమైన తర్వాత, అరిజోనా ఇంకా రాష్ట్రం కాకముందు ఉన్న కొద్ది రోజుల్లో కొన్నదై ఉంటుంది అంటాడు అపూ. లెక్క సరిగ్గా సరిపోతుంది. ఆ ఏడాది జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో రెండోది రాష్ట్రాలయ్యాయి. హోమర్ కాసేపు చూసి, సగం మార్కులు వేస్తాడు.

రెండు జోకులూ ఒకే సంగతి చెప్తున్నాయి, ఇతను చాలా చదువుకున్నవాడని. జెండా జోక్‌లో మనం హోమర్‌ని చూసి నవ్వుతున్నాం. ఆ దేశంలో పుట్టినవాడికి తెలియని చరిత్ర బయటినుంచి వచ్చినవాడికి తెలుసు. అపూ తెలివే అక్కడ పంచ్. 70 లక్షల జోక్‌లో నవ్వు దేని మీద? ఇండియా అంటే జనం, జనం, జనం అనే పాత బొమ్మ మీద. అపూ ఆ గుంపులో ఒక చుక్క. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఆ సీన్‌లో నవ్వొస్తుంది, లక్షల మందిలో ఒక ర్యాంకు అంటే ఏంటో మన ఇళ్ళల్లో తెలియనిది ఎవరికి? ఆ టెన్షన్, ఆ రాత్రుళ్ళు, ఇంటిల్లిపాది ఎదురుచూపులు. రచయితకి ఆ లోపలి సంగతి అక్కర్లేదు, అంకె చాలు. బోర్డు వేసే మనిషిగా చెప్తున్నాను, అక్కడ అపూ కళ్ళలోంచి ఒకే ఒక్క షాట్ పడితే ఆ జోక్ అతనిదైపోయేది.

ఇదే ఎపిసోడ్‌లో ఆ లోపలి సంగతి తెలిసినట్టే రాసిన సీన్ కూడా ఉంది. దొంగ కాగితాలు కొన్నాక అపూ అమెరికన్‌లా నటిస్తాడు. కౌబాయ్ టోపీ, న్యూయార్క్ మెట్స్ అనే బేస్‌బాల్ జట్టు టీషర్టు. మాట తీరు కూడా మార్చేస్తాడు. మెట్స్ తన ఫేవరెట్ జట్టని చెప్పబోయి, షర్టు మీదున్న 'ఎన్‌వై' అక్షరాల్ని న్యూయార్క్ అని కాకుండా 'నై' అని చదివేస్తాడు, 'నై మెట్స్' అని. జట్టు అనాల్సిన చోట 'స్క్వాడ్రన్' అంటాడు. చదువు ఎంతున్నా ఆ ఊరివాడిలా కనపడాలనే కంగారులో మనిషి ఎలా తడబడతాడో ఆ ఒక్క డైలాగ్‌లో ఉంది. ఆ వెంటనే అతను కూలబడిపోయి, ఒక పత్రిక అట్ట మీద నుంచి టామ్ క్రూజ్, నికోల్ కిడ్‌మన్ జీవం లేని కళ్ళతో నన్ను చూస్తుంటే ఇంక గణేశుడి అపారమైన దయ నాకెందుకులే అని ఏడుస్తాడు. జోకే, కానీ గొంతులో ముద్ద దిగనివ్వని జోకు. వేషం వేసుకున్నాక దేవుడి ముందు నిలబడడానికి మొహం చెల్లకపోవడం మనకి తెలిసిన బాధ.

సరిగ్గా ఈ సీన్ దగ్గరే మీ అక్కయ్య మాట వినాలి.

అపూకి గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా. భారతీయుడు కాదు, న్యూయార్క్‌లో పుట్టిన తెల్లజాతి నటుడు. అమెరికన్ యానిమేషన్‌లో పనిచేసే వరస మీకు తెలిసే ఉంటుంది. మన సినిమాల్లో బొమ్మ ముందు, డబ్బింగ్ తర్వాత. అక్కడ గొంతు ముందు రికార్డు చేస్తారు, ఆ గొంతు విని బొమ్మ వేస్తారు. నోరెంత తెరవాలి, భుజం ఎప్పుడు ఎగరెయ్యాలి, కనుబొమ్మ ఎక్కడ లేవాలి, అన్నీ ఆ ట్రాక్‌లో నుంచే వస్తాయి. అంటే యాస పైన చల్లిన మసాలా కాదు, పాత్ర ఒళ్ళంతా దానిమీదే కట్టారు. ఇప్పుడు మెట్స్ సీన్ మళ్ళీ చూడండి. తెల్ల నటుడు భారతీయుడి యాస పెట్టి, ఆ భారతీయుడి చేత అమెరికన్ యాస నటింపజేస్తున్నాడు. కథ చెప్తున్నదేమో, నీది కాని గొంతుతో బతకడం మనిషికి ఎంత అవమానమో అని. కథ చెప్పే మాటకీ, కథని తయారుచేసిన పద్ధతికీ పొంతన కుదరని చోటు ఇదే. 1996లో ఆ గదిలో ఉన్నవాళ్ళకి ఇది తట్టి ఉండదు. మనకి తట్టింది కాబట్టి మనం రాయాలి.

మా పిన్ని కొడుకు ఒకడు అమెరికాలో ఎమ్మెస్ చేశాడు. హాస్టల్లో వాడు గదిలోకి అడుగు పెట్టగానే అపూ షాపులో అనే "థాంక్యూ, కమ్ అగైన్" అని అదే యాసలో అరిచేవాళ్ళట. రెండేళ్ళు అదే వరస. ఒకసారి సెలవులకి వచ్చినప్పుడు నేను ఈ ఎపిసోడ్ పెడితే వాడు కడుపుబ్బా నవ్వాడు. అయ్యాక మెల్లిగా, "బాగుంది అన్నయ్యా, కానీ అక్కడ వాళ్ళతో కలిసి మాత్రం చూడలేను" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు. జోక్ అదే, గదిలో ఎవరున్నారనేదాన్ని బట్టి దాని బరువు మారిపోతుంది.

ఈ సంగతినే అందరి ముందూ పెట్టినవాడు మన తెలుగు కుటుంబంలో పుట్టి న్యూయార్క్ క్వీన్స్‌లో పెరిగిన కమెడియన్ హరి కొండబోలు. 2017 నవంబరులో 'ది ప్రాబ్లమ్ విత్ అపూ' డాక్యుమెంటరీ తీశాడు. ఆయన సింప్సన్స్‌కి వీరాభిమాని. ఇది గమనించండి, ఇష్టం ఉన్నవాడు చేసిన విమర్శ అది. 2018 ఏప్రిల్ 8న వచ్చిన ఒక ఎపిసోడ్‌లో సింప్సన్స్ వాళ్ళు జవాబిచ్చారు. లీసా కెమెరా వైపు తిరిగి, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చేస్తాం అన్నట్టు మాట్లాడి పక్కనున్న అపూ ఫోటో వైపు చూస్తుంది. నాకు చాలా బాధేసింది. రాయి పట్టుకుని తండ్రి తప్పు లెక్కని ఎత్తిచూపిన పిల్ల చేత ఆ మాట అనిపించారు. 1996 లీసా అయితే ఎదురు ప్రశ్న వేసేది. అజారియా 2020 జనవరిలో ఆ పాత్రకి గొంతివ్వడం మానేస్తున్నట్టు చెప్పాడు, ఆ తర్వాత బాహాటంగా క్షమాపణ కూడా అడిగాడు. ఇదంతా మీ వ్యాసంలో ఒక పేరా దాటనివ్వకండి. మీరు రాస్తున్నది పాత్ర చరిత్ర కాదు, ఒక ఎపిసోడ్ మీద విమర్శ.

ముగింపు గురించి కూడా రెండు మాటలు. అపూ పరీక్షలో నెగ్గాక కథ అక్కడే ఆపేస్తే సుఖాంతం అయ్యేది. కోహెన్ ఆపలేదు. అపూకి పౌరసత్వం వచ్చినా చట్టం పాసైపోయింది, స్కూలు తోటమాలి విల్లీని స్కాట్లాండ్‌కి పంపేశారు. మనకి తెలిసినవాడు గట్టెక్కితే చాలు, మిగిలినవాళ్ళ సంగతి మనకెందుకు అనే ఊరు అది, ఆ ఊరు ఏమీ మారలేదు. ధైర్యమైన ముగింపు. అపూ మాత్రం జ్యూరీ డ్యూటీకి (కోర్టు కేసు విని తీర్పు చెప్పే పౌరుల బృందంలో కూర్చునే బాధ్యతకి) రమ్మని వచ్చిన నోటీసు చెత్తబుట్టలో పడేసి అసలైన అమెరికన్ అయిపోతాడు. ఆ జోక్ కూడా పేలింది. కానీ ఇంతసేపూ ఆ దేశాన్ని పుట్టినవాళ్ళకన్నా ఎక్కువ ప్రేమించినవాడిగా చూపించిన మనిషి చేత ఆ పని చేయించడం నాకు అతుకులాగే కనపడుతుంది. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో రాయండి, మేడమ్‌కి అదే కావాలి.

మీరు పంపిన మొదటి వాక్యం ఇది: "ఈ ఎపిసోడ్ వలసదారుల సమస్యను హాస్యభరితంగా, ఆలోచింపజేసేలా చూపించింది." దీంతో ఎవరూ గొడవపడలేరు, అదే దాని లోపం. దాన్ని కొట్టేసి టీవీ ముందు కూర్చోండి. పౌరసత్వ పరీక్ష గది సీన్ వచ్చాక పాజ్ చేయండి. పరీక్ష రాసేవాళ్ళలో బార్ నడిపే మో ఉంటాడు, మారువేషంలో. ఊళ్ళో అందరికన్నా గట్టిగా వలసదారుల మీద అరిచింది అతనే, ఎలుగుబంట్ల గొడవప్పుడు కూడా తప్పు వాళ్ళదేనని తనకి తెలుసన్నాడు. అంటే ఇన్నాళ్ళూ అతని దగ్గరా కాగితాల్లేవు. ఇంకొక సంగతి, మోకి గొంతిచ్చింది కూడా హ్యాంక్ అజారియానే. తరిమేయమని అరిచినవాడూ, తరిమేస్తారేమోనని వణికినవాడూ ఒకే గదిలో పెన్ను పట్టుకుని కూర్చున్నారు, ఇద్దరి గొంతూ ఒక్కడిదే. మీ వ్యాసం ఆ ఫ్రేమ్ దగ్గర మొదలుపెట్టండి.